మీసం చాటు మాటలు

నా చెవులు ఒక్కరోజులో పోలేదు. విలేకరిగా పనిచేసిన చివరి సంవత్సరాల్లో ఫోనులో చెప్పే వార్త సరిగా అందక, "ఒకసారి మెసేజ్ పెట్టు" అనడం అలవాటైంది. పని మానేసి బూర్గంపాడులో ఉండిపోయాక ఆ మాట అనాల్సిన అవసరమూ పోయింది. ఫోను మోగడమే తగ్గింది. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఖమ్మం వెళ్లి చెవికి మిషన్ పెట్టించుకున్నాను. అది చప్పుడును పెంచింది గాని, చప్పుడులోంచి మాటను విడదీసి ఇవ్వలేదు. గ్లాసు పెట్టినా, మనిషి పిలిచినా ఒకటే మోత. అక్కడి స్పీచ్ థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుని, పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పింది. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయట. అందుకే ఒక్క అక్షరం కోసం ఆగకుండా ముఖమంతా చూడాలట.

"రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి సార్. ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది.

"స్నేహితుడున్నాడు," అన్నాను.

ఉన్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. సాయంత్రాలు సెంటర్‌లో టీ కొట్టు బెంచీ మీద ఇద్దరం కూర్చుంటాం. రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపే. చిక్కంతా ఆయన మీసంతో వచ్చింది. పై పెదవిని కప్పేసి కిందికి వాలిన పొదలాంటి మీసం. ఆయన మాట్లాడుతుంటే ఆ పొద కదలడం తప్ప నాకేమీ కనిపించదు.

"ఏందన్నా గట్ల చూస్తున్నవ్? నా మూతి మీద వార్త ఏమన్న రాసుందా?" అన్నాడొకరోజు నా చెవి దగ్గరికి వంగి.

సంగతి చెప్పాను. కొంచెం కత్తిరిస్తే చాలన్నాను. మర్నాడు మొత్తం గీయించుకుని వచ్చాడు.

"సగం సగం పనులు నాకు రావు. ఇగ చదువుకో."

టీ కొట్టతను గ్లాసులు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. మా వైపు తల్లో తండ్రో పోతే తప్ప ఆ వయసు మనిషి మీసం తీయడు. అతనూ నా స్నేహితుడూ ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఆయనే నా చెవి దగ్గర ఒక్కో మాటా విడిగా పలికి చెప్పాడు.

"అయ్యో కాకా, అమ్మ ఎప్పుడు పోయింది?"

"పోలేదురా. ఇంట్ల కూసోని అన్నం తింటున్నది."

"మరి గిదేంది?"

"ఈ రిపోర్టర్‌కు నా పెదవులు కనపడాల్నని."

బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాతి సాయంత్రాల్లో ఒకటీ అరా మాటలు దొరికాయి. వాక్యం మాత్రం చేతికి రాలేదు. పైగా మమ్మల్ని కుదురుగా కూర్చోనిచ్చేవాళ్లు కాదు. బస్సు నడిపిన మనిషి కదా, సెంటర్‌లో దిగినవాళ్లలో సగం మందికి ఆయన తెలుసు. వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాళ్లు. ఆయన ప్రతి ఒక్కరికీ మీసం సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పేవాడు. ఈలోగా మీసం తీశాడన్న కబురు ఒక్కటే గోదావరి దాటింది. భద్రాచలంలోని ఆయన బంధువులు పరామర్శకని ఆటో కట్టించుకుని నేరుగా ఇంటికే వెళ్లారు. తలుపు తీసింది ఆ తల్లే.

ఆ రోజు నుంచి ఆయన బెంచీ దగ్గరికి రాలేదు. కొన్నాళ్లు ఒక్కణ్ణే కూర్చుని టీ తాగి వచ్చాను. టీ కొట్టతను ఏదో అడిగేవాడు, నేను తల ఊపేవాణ్ణి. చివరికి ఆయన ఇంటికే వెళ్లాను.

గడప దాకా వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. ఆయన వెనక మంచం మీద తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన పై పెదవి మీద అప్పుడప్పుడే నెరిసిన మొలకలు కనిపిస్తున్నాయి. ఆయన పెదవులు కదిలాయి. చెవిలో మిషన్ ఉంది, పనిచేస్తూనే ఉంది, అయినా ఏ చప్పుడూ రాలేదు. ఆమె వినకుండా, గొంతు లేకుండా, వెలుతురు వైపు ముఖం పెట్టి మెల్లగా చెబుతున్నాడు.

"'నేను బతికుండంగనే తీసిండు' అని అమ్మ ఏడుస్తంది. మీసం నిండేదాంక నేను బెంచీ కాడికి రాను. నువ్వు గూడ ఇంటికి రాకు అన్నా. నిన్ను చూస్తే ఇంకింత ఏడుస్తది."

ఒక్క మాట కూడా తప్పిపోలేదు. పెదవుల మీది నుంచి నాకు మొత్తంగా అందిన మొదటి మాటలవి.

"సరే," అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. మంచం మీద ఆమె ఇటు తిరిగి చూసింది.