అడిగి తెచ్చుకున్న బాణీ

మా మేనత్త ఇక లేదని కబురొచ్చినప్పుడు గవర్నర్‌పేటలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఊరికి వెళ్లే బస్సు ఉయ్యూరు దాటేసరికే బంధువులంతా ఫోన్లలో సంతాపాలు పెట్టేశారు. దాదాపు అందరూ జత చేసిన పాట అత్త రాసిందే. కింద పేరు మాత్రం ఒక గాయకుడిది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

అత్త ఊళ్లో సండే స్కూలు టీచరు. ఏటా కోతల పండగకి చర్చిలో కొత్త పాట కట్టేది. గింజ కళ్లం చేరడం గురించి కట్టిన ఈ పాటను తర్వాత సమాధుల దగ్గరా పాడటం మొదలుపెట్టారు. దీని బాణీ నాట్లేసే ఆడవాళ్లది. అది ఎవరి సొత్తూ కాదని ఎంతమంది చెప్పినా అత్త వినలేదు. గట్టు మీద చెప్పులు వదిలి, బురదలోకి దిగి, అక్కడ పాట ఎత్తుకునే పెద్దామెను అడిగింది.

"మీ అమ్మ నేర్పిన బాణీ కదా వదినా, నేను చర్చిలో వాడుకోనా?"

"వాడుకో వదినా, కానీ సాగదీయమాక" అని ఆమె నవ్వింది.

ప్రతి పండగకీ పాటకు ముందు అత్త ఈ సంగతంతా చెప్పేది. పిల్లలం విసుక్కునేవాళ్లం.

ఆ గాయకుడు పాటను తీసుకుని, సాగదీసి, రాసిందీ తనేనని వీడియోలో వేసుకున్నాడు. అత్త నన్ను వెంటబెట్టుకుని గుణదలలో అతని స్టూడియోకి వెళ్లింది.

"దేవుడి పాటకి హక్కులేంటి అమ్మగారూ?" అన్నాడు.

"దేవుడి పాటే బాబూ. మరి కింద నీ పేరెందుకు వేసుకున్నావ్?"

తిరిగి వస్తుంటే బస్సులో, "అడిగుంటే ఇచ్చేదాన్ని కదే" అంది. పేరు మారలేదు. పెద్దలు సర్దుకుపొమ్మన్నారు. అత్త సర్దుకోలేదు, నేనూ సర్దుకోను. ఎంత మంచి పనికి వాడినా, అడక్కుండా తీసుకుంటే అది దొంగతనమే.

సమాధి దగ్గర, పెద్దలు పిలిస్తే వచ్చిన ఆ గాయకుడు మైకు పట్టుకుని అదే పాట ఎత్తుకోబోయాడు.

"ఎవరు రాశారో చెప్పి పాడండి" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ?"

అతను చెప్పలేదు. పాడనూ లేదు. ఇంతలో వెనక నుంచి పెద్దామె గొంతు వినిపించింది. "మా వదిన కట్టిన పాట. మా అమ్మ బాణీ" అని చెప్పి మరీ ఎత్తుకుంది. నాట్లకెళ్లే ఆడవాళ్లంతా అందుకున్నారు. అతని చేతిలో మైకు అలాగే ఉంది. ఒక్కరూ సాగదీయలేదు.