పోలండ్ నుంచి తెగిపోయిన ఫోన్

మా తమ్ముడు భీమవరంలో రొయ్యల కంటైనర్ నడుపుతాడు. వాడికి పోలండ్‌లో లారీ డ్రైవర్ ఉద్యోగం ఇప్పిస్తానంటూ ఈ రోజు ఒక ఏజెంటు ఇంటికొచ్చి, పాస్‌పోర్టు ఇమ్మన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. "ముందు అక్కడున్న వాళ్లెవరితోనైనా మాట్లాడించండి" అన్నాను.

ఏజెంటు, మొగల్తూరు నుంచి అక్కడికి వెళ్లిన ఒక డ్రైవరుకు స్పీకర్‌లో ఫోన్ కలిపాడు. అంతా బాగుందని అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"రూమ్ ఇచ్చారా అన్నా?" అని తమ్ముడు అడిగాడు.

"రూమ్ ఎక్కడిది తమ్ముడూ, వచ్చినకాడి నుంచీ లారీలోనే పడుకుంటున్నాను. బండి కదలకపోతే జీతం కూడా..."

ఏజెంటు నా కళ్లముందే ఫోన్ కట్ చేసి, "సిగ్నల్ పోయిందండి" అన్నాడు.

తమ్ముడు పాస్‌పోర్టు బీరువాలో పెట్టేశాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

మీవాళ్లెవరైనా అక్కడ లారీ నడుపుతుంటే, ఆ మిగతా సగం మాటేంటో కాస్త కనుక్కుని చెప్పండి. పక్కన ఏజెంటు లేనప్పుడు అడగండి.