సాల్లోకి దిగిన కోటేశ్వరి

కోటేశ్వరి చేతుల మీదుగా ఎన్ని మిరపకాయలు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పట్నుంచీ ఇంటి పంచే లోకం. ఎవరైనా ఎండుకాయ బస్తా తెచ్చి కుమ్మరిస్తే తొడిమలు తీసి ఇచ్చేది. ఊరి చుట్టూ మిరప చేలే. అయినా ముప్పై దాటిన ఆ మనిషి చెట్టున కాయని చూడలేదు. తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఆ ఏడు కోతలకు మనుషులు చాల్లేదు. కూలీల ముఠా నడిపే బసవమ్మ ఆటో తమ ఇంటి ముందు ఆగగానే కోటేశ్వరి పాక్కుంటూ వచ్చేసింది.

"అక్కా, నేనూ వస్తా."

"చేలో ఏం చేస్తావే? సరే, ఎక్కు. గట్టు మీద కూర్చుని అన్నం క్యారేజీలకి కాపలా ఉందువుగాని."

"కూర్చునే పనైతే ఇంటికాడ చేస్తానే ఉన్నా. నాకూ ఒక సాలియ్యి, ఆ వరుసంతా కాయ కోస్తా."

ఆటోలో అందరూ పగలబడి నవ్వారు.

చేను దగ్గర దింపేసరికి కోటేశ్వరి మెడ చాచి చూసింది. ఆకాశం అంచుదాకా ఎరుపే. ఆకుల మీద ఇంకా మంచు తడి. ముక్కు మండించే ఘాటు కాదు, పచ్చి వాసన.

"ఇంతుంటదా అక్కా చేనంటే!"

"ఎప్పుడూ చూళ్లేదా ఏందే?" అంది ముఠాలోని అంకమ్మ. అనేసి నాలిక్కరుచుకుంది.

"పై కొమ్మ నీకెట్టా అందుద్దే?" అంది బసవమ్మ.

"కింది కొమ్మ మీకెట్టా అందుద్ది?"

"నడుం విరగ్గొట్టుకుని."

"అయితే కింద కాయ నాకొదిలెయ్యండి."

బసవమ్మ ఒక సాలు వైపు చెయ్యి చూపించింది. "అంకమ్మతో కలిసి ఒక్క సాలు పట్టు. కాయ వదిలేస్తే మాత్రం మళ్లీ గట్టు మీదే కూర్చోబెడతా."

కోటేశ్వరి కింద టైరు ట్యూబు ముక్క వేసుకుని సాల్లోకి జరిగింది. నల్లమట్టి పెళ్లలు గీరుకుంటున్నాయి. అంకమ్మ పైన, తను కింద.

"ఏమ్మే, వస్తన్నావా?"

"నువ్వు పోవే తల్లీ! నీ కాయలన్నీ నా నెత్తిన రాలతన్నయ్."

సాలు చివర అంకమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయింది. "బసవక్కా! నేను ఒక్కసారన్నా వంగితే ఒట్టు!"

బసవమ్మ వెనక్కి నడిచి, కొమ్మలెత్తి చూసుకుంటూ వచ్చింది. పండుకాయ ఒక్కటీ మిగల్లేదు.

"రేపు నా సాల్లోకి రావే కోటమ్మా," అని అటునుంచి ఇంకొకావిడ కేకేసింది.

"రేపటి సంగతి రేపు. కోటేశ్వరీ, తర్వాత సాలు పట్టు," అంది బసవమ్మ.

కోటేశ్వరి కదల్లేదు. చెట్ల మధ్య తలెత్తి చూస్తోంది. కాయల్లోంచి ఎండ దిగుతోంది, దీపాలు పెట్టినట్టు.

"వస్తన్నా అక్కా. ఒక్క నిమిషం చూడనీ."