ఆ బల్బు ఎవరి కోసం?

మా బాబాయి ఏ ఇంటికి వెళ్ళినా ముందుగా పలకరించేది మనుషుల్ని కాదు, కరెంటు మీటరుని. గుమ్మంలో ఎదురొచ్చినవాళ్ళు "రండి, రండి" అంటుంటే ఆయన చూపు మాత్రం గోడల మీద తిరుగుతుంటుంది. మీటరు కనబడగానే కళ్ళజోడు సర్దుకుని, అంకెలు చదివి, "ఆరోగ్యంగానే ఉంది" అనుకున్నాకే చెప్పులు విప్పుతాడు. కనబడకపోతే ఆయనకి మంచినీళ్ళు కూడా గొంతు దిగవు.

ఆయన పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరు. నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దం పాతబడిపోయిందని డాక్టరుగారు పారేయబోతే తెచ్చుకుని జేబులో వేసుకున్నాడు. మెట్ల కింద, తలుపు వెనక, బీరువా సందులో నక్కిన మీటర్లన్నీ ఆ అద్దానికి దొరికిపోవాల్సిందే. అలవాటు పోక, మీటరు పెట్టె తలుపు పట్టుకున్నవాళ్ళతో కూడా "కాస్త పెద్దగా తెరవండి, భయపడకండి" అంటాడు.

చుట్టాల్లో ఎవరు అద్దె ఇల్లు మారుతున్నా, పిలవకపోయినా వచ్చి వాలతాడు. పాత ఇంటి మీటరుకి ఒక ఫోటో, కొత్త ఇంటి మీటరుకి ఒక ఫోటో తియ్యాలి. ఉత్త మీటరు పనికిరాదు, పక్కన మనిషి కూడా నిలబడాలి. "రేపు ఎవడో వచ్చి ఇది మీ మీటరు కాదంటే? సాక్ష్యం ఉండొద్దూ?" అంటాడు. మా పిన్ని పళ్ళు కనిపించేలా నవ్విన ఫోటో మా కుటుంబంలో ఒక్కటే ఉంది. అదీ మీటరు పక్కనే.

మా ఆయన్ని మొట్టమొదట చూసినప్పుడు బాబాయి అడిగింది ఒక్కటే ప్రశ్న.

"మీ ఇంటి మీటరు ఎవరి పేరు మీద ఉంది బాబూ?"

మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు.

"పోనీలే, కుర్రవాడు. నేర్చుకుంటాడు" అని బాబాయి పెద్దమనసు చేసుకుని సరేనన్నాడు.

ఆయనకి సరిపడనిది ఇంకొకటుంది. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే చూడలేడు. "ఆ బల్బు ఎవరి కోసం వెలుగుతోంది?" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. ఒకసారి డాక్టరుగారు చేతులు కడుక్కోవడానికి అటు తిరగ్గానే కుర్చీ మీది దీపం ఆర్పేశాడట. నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు చీకట్లో అలాగే ఉండిపోయాడు.

ఇలాంటి బాబాయి ఉండగా మేం ఇల్లు మారాల్సి వచ్చింది. మా అత్తయ్యకి ఆయాసం. మెట్లు ఎక్కలేదు, పడుకుంటే ఊపిరాడదు. ముక్కుకి తగిలించుకునే చిన్న మిషను పక్కన గుయ్యిమంటుంటేనే ఆవిడకి నిద్ర. అది ఆగిందంటే తెల్లవార్లూ కూర్చోవాల్సిందే. పాత ఇంటికి వీధి గుమ్మం దగ్గరే నాలుగు మెట్లున్నాయి. అవి కూడా కష్టమవుతున్నాయని, రెండు వీధుల అవతల మెట్లే లేని కింది వాటా ఒకటి చూసుకున్నాం.

"అల్లుడుగారూ, కొత్త ఇంటి మీటరు నంబరు మీ కళ్ళతో చూశారా?" అన్నాడు బాబాయి.

"ఇంటాయన ఫోన్లో చెప్పారు మావయ్యగారూ. మన పేరు మీదికి మార్చమని కరెంటు కంపెనీకి పంపించేశాను కూడా."

"ఫోన్లోనా!" బాబాయి గుండె పట్టుకున్నాడు. "ఒక్కసారి అద్దం పెట్టి చూసొస్తానుండండి."

"తాళం ఇంటాయన దగ్గరే ఉంది. పనంతా అయిపోయింది, మీరు శ్రమపడకండి."

శ్రమపడకండి అనేసరికి బాబాయి మొహం మాడిపోయింది. కాసేపు అద్దం తుడుచుకున్నాడు.

"పోనీ, పాత ఇంటి సంగతైనా నా మాట వినండి. ఖాళీ చేసిన రోజే కరెంటు ఆపమనకండి. మర్నాడు ఆపమనండి."

"మనం లేని ఇంటికి మన పేరు మీద కరెంటు ఎందుకండీ?"

"ఎందుకేమిటి? మీటరు బెంగ పెట్టుకుంటుంది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. సరేనన్నాడు.

ఇల్లు మారే రోజు వచ్చింది. కొత్త ఇంటి దగ్గర ఆఖరి సామాను దిగుతుంటే చూస్తే బాబాయి లేడు. "అలిగి ఇంటికి పోయుంటారు. ఆకలేస్తే ఆయనే వస్తారు" అంది పిన్ని, గిన్నెల బుట్ట నెత్తిన పెట్టుకుంటూ.

పొద్దు వాలే వేళకి కొత్త ఇంట్లో అత్తయ్య మంచం వేసి, మిషను పెట్టి, స్విచ్చి నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. లైటు వెయ్యబోతే వెలగలేదు, ఫాను తిరగలేదు. మా ఆయన ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ టకటకా నొక్కి చూసి కంపెనీకి ఫోను చేశాడు. అవతల అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది.

"ఆ వాటాలో పాతవాళ్ళు ఆపేయమన్నారు సార్, మధ్యాహ్నం ఆపేశాం. మీ పేరు మీదికి మార్చింది పై వాటా మీటరండి. మీరు పంపిన నంబరు అదే."

ఇంటాయన కింది నంబరుకి బదులు పై నంబరు చదివి వినిపించాడన్నమాట. పైవాళ్ళ దగ్గర్నుంచి ఒక వైరు లాగుదామంటే తాళం వేసి ఊరెళ్ళారు. మనిషిని రేపు పొద్దున్నే పంపిస్తామంది ఆ అమ్మాయి.

సరిగ్గా అప్పుడొచ్చాడు బాబాయి. చొక్కా నిండా సున్నం, చేతిలో అద్దం. జరిగింది విన్నాడు. "నేను చెప్పలేదూ" అనడానికి నోరు తెరిచాడు. మిషను ఒళ్ళో పెట్టుకుని మంచం మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అత్తయ్యని చూశాడు. తెరిచిన నోరు మూసేశాడు. ఆ మాట ఆయన మింగడం నా ఎరుకలో అదే మొదలు.

"మా ఇంటికి తీసుకెళ్దామంటే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చెల్లెమ్మ ఎక్కలేదు. పాత ఇంటికి పదండి. నాలుగు మెట్లేగా, పట్టుకుని ఎక్కిద్దాం. అక్కడ రేపటిదాకా కరెంటు మనదే."

"అక్కడ వేరేవాళ్ళు దిగుంటారు కదండీ!" అన్నాడు మా ఆయన.

"దిగారు. ఇప్పటిదాకా అక్కడే ఉన్నాను."

అత్తయ్యని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. వీధి మలుపు తిరగ్గానే మా పాత ఇంటి వాకిట్లో బల్బు దేదీప్యమానంగా వెలుగుతోంది. కింద ఒక్క మనిషీ లేడు. అంత కష్టంలోనూ మా ఆయన ఉండబట్టలేకపోయాడు.

"మావయ్యగారూ, ఆ బల్బు ఎవరి కోసం వెలుగుతోంది?"

"వచ్చేవాళ్ళ కోసం" అన్నాడు బాబాయి, మామూలుగా.

తలుపు తీసినావిడ చంకలో పాప ఉంది. బాబాయిని చూడగానే నవ్వేసింది. "మీటరు బాబాయిగారా! మళ్ళీ ఫోటోనా?"

ఆవిడ మాటల్లో తెలిసింది, ఆయన అలక సంగతి. వాళ్ళు సామానుతో దిగేసరికి ఈయన ఫాన్లు తిరుగుతున్నాయో లేదో చూసి, ట్యాంకు నింపి, గీజరు వేసి, గుమ్మంలో కూర్చుని ఉన్నాడట. పాపకి వేడినీళ్ళ స్నానం కూడా అయిపోయింది. వాళ్ళాయన మిగతా సామాను తేవడానికి వెళ్ళాడని, చీకటిపడ్డాక కొత్త ఇల్లు గుర్తుపట్టాలని ఆ బల్బు ఆర్పొద్దన్నది కూడా ఈయనే.

మా ఆయన నసుగుతూ మా అవసరం చెప్పాడు. ఆవిడ మిషను వైపు చూసింది, అత్తయ్య వైపు చూసింది.

"మూలగది ఇంకా సర్దలేదండీ. పరుపు మాత్రం ఉంది. సరిపోతుందా?"

"నా గదేనమ్మా అది! ప్లగ్గు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాను" అంది అత్తయ్య.

ఆ ప్లగ్గులోనే మిషను గుయ్యిమంది. అత్తయ్య నిండా ఊపిరి పీల్చుకుని పడుకుంది. నాకు మా బాబాయిని చూస్తే కొండంత గర్వం వచ్చింది. ఆయన మాత్రం వంటింట్లో అనవసరంగా వెలుగుతున్న లైటు ఆర్పడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చే దారిలో పిన్ని చెప్పింది.

"మేం కాపురం పెట్టిన ఇంట్లో కూడా ఇంతేనే. పాతవాళ్ళు కరెంటు ఆపించేసుకుని పోయారు. ఈయన చీకట్లో మీటరు కోసం గోడలు తడుముకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. అప్పట్నుంచి ఏ ఇల్లు ఖాళీ చేసినా, చేయించినా, వెనకాల ఒక రోజు కరెంటు ఉంచే వస్తారు."

"మరి మీటరు బెంగ పెట్టుకుంటుందన్నాడు?"

"బెంగ ఆయనదేలే."

మర్నాడు పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చి కింది వాటాకి కరెంటు ఇచ్చాడు, మా పేరు అసలు మీటరు మీదికి మార్పించాడు. ఈసారి పై వాటా మెట్ల కింద దూరి అద్దం పట్టుకున్నది మా ఆయన. "కాస్త పెద్దగా తెరవండి" అన్నది కూడా మా ఆయనే. ఫోటోలో మీటరు పక్కన అత్తయ్య నిలబడింది, హాయిగా నిద్రపోయి లేచిన మొహంతో.

కొన్నేళ్ళకి ఆ ఇల్లు కూడా ఖాళీ చేశాం. అందరం బయటికొచ్చాక మా ఆయన వెనక్కి వెళ్ళి వాకిట్లో లైటు వేసి వచ్చాడు.

"ఆ బల్బు ఎవరి..." అని బండి దగ్గర్నుంచి అలవాటుగా అరవబోయి బాబాయి టక్కున ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని ఇంటి వైపు తేరిపార చూశాడు.

"అది సరే అల్లుడుగారూ, వంటింట్లోది ఎవరి కోసం?"