చచ్చినవాళ్ళు ఆకు వేసిన సినిమా

మా వీధి చివరి షెడ్డులో పట్టుపురుగులు ఆకు మేసే చప్పుడు వినబడినప్పుడల్లా నాకు ఆ ఆదివారం గుర్తొస్తుంది. కెలమంగలం కల్యాణ మంటపం కిటికీలకు దుప్పట్లు కట్టి, పొద్దున పదింటికే చీకటి చేసి, నంజప్పన్న తీసిన జాంబీ సినిమా వేశాం. స్పీకర్లలో అదే చప్పుడు, సన్నని జల్లులా. తెర మీద మల్బరీ తోటలోంచి, ఆ ఊళ్ళోనే పురుగులు మేపే పాపమ్మ లేచింది. మొహమంతా తెల్లగా, చేతులు చాచి, కాళ్ళీడ్చుకుంటూ మనవైపే వస్తోంది. జనం విరగబడి నవ్వుతున్నారు. మూడో వరసలో ఆమె కొడుకు గోపాల లేచి నిలబడ్డాడు.

"ఆపన్నా," అన్నాడు.

షూటింగు అయ్యాక పాపమ్మ చనిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. నంజప్పన్న సినిమా ఆపేశాడు.

నంజప్పన్నను ఎరగనివాళ్ళకు చెప్పాలి. హోసూరులో మా పత్రికకు ఆయన ఫొటోగ్రాఫరు, నేను విలేకరిని. ఆయన స్కూటరు వెనక కూర్చుని నేను తిరగని ఊరు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డెంకణికోట పక్క ఒక పల్లెలో రాగి చేనుకు కాపలా పడుకున్న రైతును ఏనుగు తొక్కేసింది. నేను ఆ ఇంటి గడపలోనే నోటుబుక్కు తీసి, ఎన్ని గంటలకు, ఎన్ని ఏనుగులు అని మొదలుపెట్టాను. నంజప్పన్న నా భుజం పట్టి నేల మీద కూర్చోబెట్టాడు. "మొదట కూసో శీనప్పా. నీళ్ళిస్తే తాగు. ఆయమ్మ నీ మొగం చూసినాక అడుగు." ఫొటో తీయవచ్చా అని ఆయన ఆ రైతు భార్యను అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కెమెరా సంచిలోంచి బయటికే రాలేదు. మర్నాడు మిగతా పత్రికలన్నిటిలో ఫొటో ఉంది, మా దాంట్లో లేదు. ఆఫీసులో ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. దారిలో టీ తాగుతూ, "ఫొటో మనది, మొగం వాళ్ళదప్పా," అని ఒక్క మాటతో తేల్చేశాడు.

అలాంటి మనిషి రిటైరయ్యాక జాంబీల సినిమా తీస్తానంటే నేను నమ్మలేదు. ఒక కెమెరా, అరువు తెచ్చిన మైకు, కెలమంగలంలో పురుగులు మేపే పది ఇళ్ళవాళ్ళు. అంతే బలగం. నాకిచ్చిన వేషం చచ్చిన విలేకరి. సమాధిలోంచి లేచి కూడా, "ఎంతమంది చచ్చినారు?" అని అడుగుతాడు. ఆ మాట చెప్పించేటప్పుడు నంజప్పన్న నా వంక చూసిన చూపు నాకు అర్థమైంది. ఆ గడప దగ్గరి సంగతి ఇన్నేళ్ళు దాచుకుని తీర్చుకున్నాడు.

మేకప్ దగ్గరే మొదటి తగువు. ఆయన బజారు పౌడరు తెచ్చాడు. పాపమ్మ డబ్బా మూత తీసి వాసన చూసి, తిరిగి ఆయన చేతిలో పెట్టేసింది. "ఇది పూసుకోని షెడ్డులోకి పోతే పురుగులు మేత మానేస్తాయప్పా. నీ సినిమాకు నా పంట పోవల్లనా?" చివరికి అందరికీ బియ్యప్పిండే పూశారు. చెమటకు అది ఉండకట్టి చర్మం ఊడిపోతున్నట్టు కనబడింది. ఏ పౌడరుతోనూ అంత భయంకరంగా వచ్చేది కాదు.

అసలు పొరపాటు తేదీది. నాలుగో జ్వరం దిగిన పురుగులు, అంటే నాలుగోసారి కుబుసం విడిచినవి, రేయింబవళ్ళు మేస్తాయి. సరిగ్గా ఆ వారమే షూటింగు పెట్టాడు. హీరో షెడ్డులో దాక్కుంటాడు, చచ్చినవాళ్ళు తలుపు విరగ్గొట్టుకుని వస్తారు. వచ్చారు. ముందు నడుస్తున్న పాపమ్మ పురుగుల తట్టలవైపు చూసి, చాచిన చేతులు దించేసింది. "ఏయ్, ఆకేసే పొద్దు దాటిపోయిందే!" అంది. అంతే, జాంబీలందరూ ఆకు మోపుల మీద పడ్డారు. మూలన వణుకుతున్న హీరో చేతిలో ఆమె ఒక మోపు పెట్టింది. "ఊరికే నిలబడినావేమప్పా, నువ్వూ ఎయ్యి."

నంజప్పన్న కెమెరా ఆపలేదు. నేను ఆపమని సైగ చేస్తే, "ఉండప్పా, కథ ఇప్పుడే దొరికింది," అని గొణిగాడు. కూర్పు పూర్తయ్యాక తన ఇంట్లో నాకొక్కడికే సినిమా చూపించాడు. చచ్చినా పని తప్పని మనుషుల కథ అది. పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాను. చివరికొచ్చేసరికి ఎందుకో నవ్వు ఆగింది. ఆయన అది గమనించి, కాఫీ తేవడానికి లేచాడు.

ఆ ఆదివారం సినిమా ఆపాక, మంటపం బయట గోపాల చెప్పు చివరతో మట్టి గీకుతున్నాడు. "అమ్మకు ఇంకా ఏడాది కాలేదన్నా. లేసి వస్తా ఉంటే అందరూ నవ్వుతారు. నేనెట్ల నవ్వేది?" లోపలినుంచి ఎవరో, "సినిమానే కదప్పా, పెట్టండి!" అని కేక వేశారు. "ఆయమ్మ ఒప్పుకోనే చేసింది," అని నేనూ నోరు జారాను. నంజప్పన్న నా మోచెయ్యి నొక్కాడు. "ఆమెను అడిగినాను గోపాలా. ఆమె పోయినాక నిన్ను అడగల్ల కదా, అడగలేదు. తప్పు నాదే. నువ్వు ఊ అన్నప్పుడే మళ్ళా వేస్తాను, లేదంటే లేదు." లోపలికి పోయి, వచ్చినవాళ్ళకు దండం పెట్టి, దుప్పట్లు తనే విప్పాడు.

పాపమ్మ కనబడే చోట్లు తీసేసి వేయవచ్చు కదా అని తర్వాత అడిగాను. "ఆమెను తీసేస్తే ఇంకేముందప్పా ఆడ?" అన్నాడు. ఆయన తీసిన సినిమా అదొక్కటే. ఇంకొకటి తీసే ఓపిక లేదని ఆయనకూ తెలుసు.

ఇప్పుడు పాపమ్మ పోయి ఏడాది దాటింది. ఎవరింటికి పోయినా నేను ముందు కూర్చుంటాను, ఇచ్చిన నీళ్ళు తాగుతాను. గోపాల ఇంట్లోనూ అలాగే కూర్చుని వచ్చాను. సినిమా మాట నేనెత్తలేదు, అతనే ఎత్తాడు. "ఈ పంట దిగనీ అన్నా, చూస్తాం," అన్నాడు. ఆ పంట దిగింది, పట్టుగూళ్ళు సంతకు పోయాయి. అతను ఇంకా ఊ అనలేదు. పోయిన వారం మళ్ళీ కొత్త పురుగులు తెచ్చి తట్టల్లో పరిచాడు.