పడుగు నన్ను లాగిన పొద్దు

నా చిన్నప్పుడు ఐసు బండి గంట వినగానే తాడు వదిలేసి పరుగెత్తానని, నాయన పట్టు పోగులు అందుకే తెగాయని మా అన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నలుగురినీ నవ్విస్తాడు. శుద్ధ అబద్ధం. ఆ పొద్దున మా అన్నగారు ఇంకా దుప్పట్లోనే ఉన్నారు. నేను తాడు వదల్లేదు, మితిమీరి లాగాను. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ధర్మవరంలో మా వీధికి తెల్లవారితే రంగు మారేది. మగ్గానికెక్కించే ముందు పడుగును, అంటే చీర నిలువు పోగులన్నిటినీ, వీధి పొడవునా చాచి కట్టి సరిచేసేవాళ్లు. ఆ రోజుది కుంకుమ రంగు. లేత ఎండలో నడుమెత్తున ఎర్రటి నీళ్లు చప్పుడు లేకుండా పారుతున్నట్టు ఉండింది. ఎవరిదో పెళ్లి చీర, ముహూర్తం ముంచుకొస్తోంది. నాయన వంగి చిక్కులు తీస్తున్నాడు. అటు కొస గుంజకు కట్టి ఉంది. ఇటు కొస తాడు పట్టుకున్నది పక్కింటి అవ్వ.

నేను పీడిస్తే నా చేతికీ తాడిచ్చి, తాను నా వెనకే పట్టుకుని నిలబడింది.

“కండ్లు మూసుకో పాపా. ఇప్పుడు చెప్పు, ఎవరు లాగుతాండారు?”

“నేనే.”

“అట్లనా? మరి నిన్ను ముందుకు ఈడుస్తాండేదెవరు?”

నిజమే, నా మడమలు మట్టిలో జారుతున్నాయి. “పడుగే లాగుతాండాది! దానికి చేతులు యాడుండాయి అవ్వా?”

“నీవే దాని చేతులు. నువ్వెంత లాగితే అదీ అంతే లాగుతాది. గోడను తోసి చూడు, గోడా నిన్ను తోస్తాది.”

మూసిన కళ్ల వెనక ఎర్రటిదేదో మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు తోచింది. దాన్ని ఓడించాలనిపించింది. నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. వెనక్కి వాలి ఒక్క గుంజు గుంజాను. టప్, టప్‌మని సన్నటి చప్పుడు. కళ్లు తెరిచేసరికి తెగిన పోగులు గాలిలో వంకులు తిరుగుతున్నాయి.

“ఎంత పని చేస్తివే!” నాయన అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

“ఏమప్పా, అరిస్తే అతుక్కుంటాయా? ఈ తాడు పట్టుకో,” అంది అవ్వ.

ఎండ ముదిరేదాకా తెగిన పోగుల జతలు నేను వెతికి ఇస్తుంటే, వేళ్లకు బూడిద రాసుకుని ఆమె పురిపెట్టి అతికింది. నాతో కూడా రెండు అతికించింది. ఒక కొస బిగించి పట్టుకుంటే రెండోది జారిపోయేది. చీర పెళ్లికి అందింది.

కాలేజీలో చర్య, ప్రతిచర్య అని బోర్డు మీద రాసిన రోజు నాకు నల్లబోర్డంతా కుంకుమరంగు పాకినట్టు కనిపించింది. ఇప్పటికీ ఎవరితోనైనా వాదనలో పంతం పట్టినప్పుడు అరచేతులు ఒక్క క్షణం చురుక్కుమంటాయి, అవతలివైపు ఎంత బిగువుందో చూసుకుంటాను. చూసుకున్న ప్రతిసారీ ఆగుతానని మాత్రం చెప్పను.

ఒకటే తేలలేదు. అవ్వ చేతులు నా చేతుల వెనకే ఉన్నాయి. నేను వాలడం ఆమెకు తెలిసే ఉంటుంది. తాడు కాస్త వదులు చేసి ఉంటే పోగులు నిలిచేవి. మరి ఎందుకు చేయలేదు?