ఎల్లవ్వ కుట్టిన బొంత

డెబ్బైల చివర్లో ఒక చలికాలం, బందరు నుంచి పనిమీద చిట్యాల వెళ్లి ఒక పటేలు ఇంట్లో దిగాను. పొద్దున్నే అరుగు మీద ఎల్లవ్వ అనే ముసలామె ఆ ఇంటివాళ్ల పాత చీరలు పరిచి బొంత కుడుతోంది. బొంత బీదవాళ్ల దుప్పటి అనుకునేవాణ్ణి.

"మీ ఇంట్లో ఎన్ని బొంతలున్నాయవ్వా?" అన్నాను.

సూది ఆపకుండానే నవ్వింది. "బొంతకు పాత చీరలుండాలె గద బిడ్డా. మాకున్నది ఒక్క చీరనాయె, ఒంటిమీదనే పీలికలైతది."

"మరి చలికి?"

"పొయ్యి కాడ పంటం."

నాలుగో రోజు నేను తిరుగు బస్సెక్కుతుంటే, పటేలు అదే బొంతను మడిచి నా చేతిలో పెట్టాడు. ఎల్లవ్వకిమ్మని అనాల్సింది.

"చాలా థాంక్సండీ" అన్నాను.